గ్రామఫోను, పాత జాజ్ ప్లేట్లు నలుగురికీ వినిపించాలంటే ఏ దారి మేలు?

విజయవాడ, గుంటూరుల్లో పాత ఇళ్ళు పడగొట్టి అపార్టుమెంట్లు కడుతున్న చోటల్లా అటక మీది సామాను కిందికి దిగుతోంది. ఇత్తడి బిందెలు, ఇనప పెట్టెల మధ్య ఎప్పుడైనా ఒక గ్రామఫోను, దాని పక్కన గోనెసంచిలో చుట్టిన ప్లేట్లు కనబడతాయి. వాటిలో ఎక్కువ భాగం నాటక పద్యాలు, హరికథలు, సినిమా పాటలే అయి ఉంటాయి. రైల్వేలో పనిచేసి వెళ్ళిపోయిన కుటుంబాల సామానులో మాత్రం అప్పుడప్పుడు, అమెరికాలో పుట్టిన జాజ్ అనే సంగీతపు ప్లేట్లు దొరుకుతాయి. నా దగ్గరున్న నలభై ఒక్క జాజ్ ప్లేట్లు బెజవాడలో అలాంటి ఒక ఇంటి నుంచి, చేతులు మారుతూ వచ్చినవే. వాటిని ఒక్కణ్ణే వింటూ కూర్చోవడం నాకు న్యాయంగా తోచలేదు. అందుకని పన్నెండేళ్ళుగా వాటిని నలుగురి ముందుకూ తీసుకువెళ్ళడానికి రకరకాల దారులు ప్రయత్నించాను. మీ ఇంట్లోనూ అలాంటి యంత్రం, అలాంటి పెట్టె ఉండి, ఏం చేయాలో తేలక ఆగిపోయి ఉంటే ఈ పోలిక మీకోసమే.

ముందుగా తేల్చుకోవలసినవి

అన్నిటికంటే ముందు, మీరు పంచదలచింది ఏమిటో తేల్చుకోవాలి. గ్రామఫోనును చూపించడం ఒక పని, దాని బూరలోంచి వచ్చే శబ్దాన్ని వినిపించడం మరొక పని, ప్లేటులో దాగి ఉన్న సంగీతాన్ని వీలైనంతమందికి చేర్చడం ఇంకొక పని. ఈ మూడింటినీ ఒకే యంత్రంతో, ఒకే ప్లేటుతో సాధించాలనుకున్నవారు సాధారణంగా ప్లేటును పోగొట్టుకుంటారు. నేను మొదటి మూడేళ్ళలో చేసిన పొరపాటు ఇదే.

రెండవది అరుగుదల. 78 వేగపు ప్లేటును, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేదాన్ని, లక్కతో, మెత్తని రాతిపొడితో, మసితో కలిపి వత్తేవారు. ఆ రాతిపొడి ఉండబట్టే ఉక్కు ముల్లు మొన ప్లేటు మీది గాడిలో తిరుగుతూ తిరుగుతూ గాడి ఆకారానికి అరుగుతుంది. ముల్లును పట్టుకొని దాని కదలికను శబ్దంగా మార్చే సౌండ్ బాక్సు, ముల్లు మీద మోపే బరువు వంద గ్రాములకు పైనే ఉంటుంది. అందుచేతనే ఒక వైపు వాయించగానే ముల్లు మార్చాలని ఆ రోజుల్లో ముళ్ళ డబ్బాల మీదే ముద్రించేవారు. రెండో వైపుకు అదే ముల్లు వాడితే అరిగి పదునెక్కిన అంచు గాడిని చెక్కేస్తుంది. ముల్లు మార్చినా సరే, వాయించిన ప్రతిసారీ ప్లేటు ఎంతో కొంత పోగొట్టుకుంటుంది. అంటే వినిపించడం అంటేనే ఖర్చుపెట్టడం. ఏ ప్లేటును ఖర్చుపెట్టవచ్చు, ఏది పెట్టకూడదు అన్న నిర్ణయం మీరు ముందే చేసుకోవాలి.

మూడవది మన ఎండలు. మే నెలలో ఈ ఊళ్ళలో డాబా కింది అటక మీద ఉండే వేడికి లక్క ప్లేటు మెత్తబడి, పక్కకు వాలి ఉంటే వాలిన వైపుకు వంగిపోతుంది. వానాకాలంలో కాగితపు కవర్లకు బూజు పడుతుంది. ప్లేట్లను ఒకదానిపై ఒకటి పేర్చకుండా, పుస్తకాల మాదిరిగా నిటారుగా, ఒత్తుగా నిలబెట్టి, ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో, నేలకు కొంచెం ఎత్తున ఉంచగల వీలు మీకు ఉందా లేదా అన్నది కూడా ఎంపికను నిర్ణయిస్తుంది.

నాల్గవది చట్టం, ఐదవది మీ తర్వాత వాటి గతి. ఈ రెండింటినీ ఆయా దారుల దగ్గరే చెబుతాను.

| దారి | ఎంతమందికి చేరుతుంది | ప్లేటు అరుగుదల | మీ శ్రమ | పెద్ద లోటు |
|---|---|---|---|---|
| ఇంట్లో గోష్ఠి | పది, పదిహేను మంది | కొంచెం | తక్కువ | తెలిసినవారే వస్తారు |
| గ్రంథాలయంలో శ్రవణ సభ | ముప్ఫై, నలభై మంది | మధ్యస్థం | ఎక్కువ | మోసుకెళ్ళడంలో ప్రమాదం |
| హోటల్లో, పుస్తక ప్రదర్శనలో ఉంచడం | వందల మంది | వాయిస్తే చాలా ఎక్కువ | మధ్యస్థం | చూస్తారు, వినరు |
| సంస్థకు అప్పగించడం | సంస్థను బట్టి | సంస్థను బట్టి | ఒక్కసారే | మీ చేతుల్లో ఉండదు |
| డిజిటల్ ప్రతి తీయడం | లెక్కలేనంతమంది | అతి తక్కువ | చాలా ఎక్కువ | యంత్రపు అనుభవం ఉండదు |

ఇంట్లో గోష్ఠి

మొదలుపెట్టేవారికి ఇంతకంటే మంచి దారి లేదు. యంత్రం కదలదు, ప్లేట్లు కదలవు, వచ్చినవారు చాప మీద కూర్చుంటారు. గ్రామఫోనుకు శబ్దం పెంచే, తగ్గించే మీట ఉండదు. మందమైన ముల్లు పెడితే గట్టిగా, సన్నని ముల్లు పెడితే మెల్లగా పలుకుతుంది. పది మంది కూర్చున్న గదికి సన్నని ముల్లే చాలు, దాని వల్ల ప్లేటుకూ కొంత మేలు.

తొలి గోష్ఠికి ముందు యంత్రాన్ని తెలిసినవారికి చూపించండి. దశాబ్దాల తరబడి తిప్పని స్ప్రింగు చుట్టూ ఉన్న గ్రీజు గట్టిపడి ఉంటుంది. అలాగే కీ తిప్పితే స్ప్రింగు ఒక్కోసారి తెగిపోతుంది. వేగం సరిచూడడానికి పరికరాలు అక్కర్లేదు. ప్లేటు కింద ఒక తెల్లకాగితపు ముక్కను అంచు బయటికి కనబడేలా పెట్టి, ముల్లు దించి, నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, 78కి దగ్గరగా వచ్చేదాకా వేగపు మీటను జరపాలి. ముల్లు దించకుండా లెక్కపెడితే లెక్క తప్పుతుంది, ఎందుకంటే ముల్లు బరువుకు యంత్రం కొంత నెమ్మదిస్తుంది. వినడం అయ్యాక స్ప్రింగును పూర్తిగా బిగించి వదిలేయకూడదు.

గ్రంథాలయంలో శ్రవణ సభ

నా మనసు ఈ దారి వైపే మొగ్గుతుంది కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా చెబుతాను.

తుమ్మలపల్లి కళాక్షేత్రం వంటి పెద్ద సభాభవనాలు గ్రామఫోనుకు పనికిరావు. బూర ముందు మైకు పెట్టి స్పీకర్ల ద్వారా వినిపిస్తే, జనం విన్నది గ్రామఫోనును కాదు, స్పీకరును. ముప్ఫై, నలభై కుర్చీలు పట్టే గ్రంథాలయపు గది, సంగీత కళాశాలలో ఒక తరగతి గది, కాలనీ కమ్యూనిటీ హాలు సరిపోతాయి. నెల కూడా ముఖ్యమే. సీలింగు ఫ్యాన్లు తిరుగుతున్న గదిలో గ్రామఫోను పాట ముక్కలు ముక్కలుగా తెగి వినబడుతుంది. ఫ్యాన్లు ఆపితే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఎవరూ కూర్చోలేరు. అందువల్ల మా సభలన్నీ ధనుర్మాసం చుట్టుపక్కల, డిసెంబరు, జనవరి సాయంత్రాల్లోనే జరుగుతాయి.

జాజ్ తెలియని శ్రోతలకు ఈ సంగీతాన్ని పరిచయం చేయడానికి మనవాళ్ళకు తెలిసిన ప్లేట్లే మంచి మెట్లు. న్యూయార్కులో 1917 ఫిబ్రవరిలో ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్ విక్టర్ అనే రికార్డు కంపెనీకి వాయించి ఇచ్చిన దానిని మొదటి జాజ్ ప్లేటుగా లెక్కిస్తారు. అప్పటికి రికార్డింగులో మైకు వాడకం లేదు. విద్యుత్తుతో రికార్డు చేయడం 1925లో మొదలయ్యేదాకా వాద్యకారులందరూ ఒక పెద్ద బూర ముందు గుమికూడి వాయిస్తే, ఆ శబ్దపు తాకిడికే మైనపు పళ్ళెం మీద గాడి పడేది. పెద్ద డ్రమ్ము దెబ్బకు గాడి గీసే సూది గతి తప్పేది కనుక డ్రమ్మరు చెక్క దిమ్మల మీద వాయించి సరిపెట్టుకొనేవాడు. కలకత్తాలో 1902లో గాయని గౌహర్ జాన్ పాడింది కూడా అలాంటి బూరలోకే. పాట చివర తన పేరు తానే చెప్పుకోవడం ఆమె ప్లేట్లలో వినవచ్చు. మన రంగస్థల నటులకూ ఇదే ఇబ్బంది ఎదురైంది. పందిట్లో పది నిమిషాలు రాగం తీసి వన్స్‌మోర్లు అందుకొన్న గొంతు, పదంగుళాల ప్లేటు మీద సుమారు మూడు నిమిషాల్లోనే పద్యం ముగించవలసి వచ్చింది. నేను సభను ఎప్పుడూ ఒక నాటక పద్యపు ప్లేటుతోనే మొదలుపెడతాను. మూడు నిమిషాల్లో ఇమిడిపోవలసిన కళ ఏమిటో శ్రోతలకు అర్థమయ్యాక, ఇరవైల నాటి జాజ్ బృందం ఆ మూడు నిమిషాల్లోనే ఒక్కొక్కరికీ వంతులు ఎలా పంచిందో వారే పట్టుకుంటారు.

జాజ్ మనకు పూర్తిగా పరాయిది కాదన్న సంగతి కూడా చెప్పాలి. లియాన్ ఆబీ నాయకత్వంలోని ఆఫ్రికన్ అమెరికన్ బృందం 1935లో బొంబాయి తాజ్ మహల్ హోటల్లో వాయించింది. టెడ్డీ వెదర్‌ఫర్డ్ అనే అమెరికన్ పియానిస్టు కలకత్తా గ్రాండ్ హోటల్లో వాయించి, ఆ ఊళ్ళోనే ప్లేట్లు రికార్డు చేసి, 1945లో కలరాతో అక్కడే కన్నుమూశారు. ఆ సంగీతం ప్లేట్ల రూపంలో రైలెక్కి బెజవాడ దాకా రావడంలో వింతేమీ లేదు.

గుంటూరులో ఒక డిసెంబరు సాయంత్రం జరిగిన సభ ఈ దారి విలువనూ, దాని హద్దునూ నాకు ఒకేసారి చూపించింది. వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దాయన, క్లారినెట్ వినబడగానే ముందుకు వంగి, మోకాళ్ళ మీద వేళ్ళు కదపడం మొదలుపెట్టారు. నలభై ఏళ్ళు పెళ్ళి బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించానని తర్వాత చెప్పారు. "బాబూ, అది ఇంకోసారి వేస్తారా?" అని అడిగారు. ఆ ప్లేటు నా దగ్గర ఒక్కటే ఉంది. రెండోసారి గ్రామఫోను మీద వేయడానికి చెయ్యి రాలేదు. ల్యాప్‌టాపులో ఉన్న డిజిటల్ ప్రతిని చిన్న స్పీకరు మీద వినిపించాను. ఆయన శ్రద్ధగా విని, "ఇందాక దాంట్లో మనిషి ఊపిరి తెలిసిందండీ, దీంట్లో వేళ్ళు తెలుస్తున్నాయి" అన్నారు. అప్పటినుంచి ప్రతి సభలోనూ ఒక్కో ప్లేటును ఈ రెండు విధాలుగానూ వినిపిస్తున్నాను.

ప్రయాణమే ఈ దారిలోని ప్రమాదం. లక్క ప్లేటు పడితే పగులుతుంది; పడకపోయినా, ఆటో కుదుపులకు అంచులు పెచ్చులూడుతాయి. ప్రకాశం బ్యారేజీ దాటి మంగళగిరి మీదుగా గుంటూరు వెళ్ళేటప్పుడు ప్లేట్లను బియ్యపు డబ్బా అంత లోతున్న పెట్టెలో నిటారుగా, అటూ ఇటూ మడిచిన దుప్పట్లతో బిగించి, ఒళ్ళో పెట్టుకొని వెళ్తాను. గంట సభకు ఎనిమిది వైపులు మించి వేయను. బూర గ్రామఫోనును వీలైనంతవరకు కదల్చకుండా, సభలకు హెచ్ఎంవీ 102 వంటి సూట్‌కేసు నమూనా యంత్రాన్ని తీసుకువెళ్ళడం మంచిది.

చట్టం విషయానికి వస్తే, లాభాపేక్ష లేని క్లబ్బు లేదా అటువంటి సంస్థ తన కార్యకలాపాల్లో భాగంగా రికార్డును వినిపించడానికి 1957 నాటి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షను మినహాయింపు ఇస్తుంది. అందుకని గ్రంథాలయ సంఘం పేరు మీద, టిక్కెట్టు లేకుండా సభ జరపడం సురక్షితం. టిక్కెట్టు పెట్టదలిస్తే ముందుగా న్యాయవాదిని అడగాలి.

హోటళ్ళు, పుస్తక ప్రదర్శనలు

ఈ దారిని నేను రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాను. పుస్తక ప్రదర్శన సందడిలో గ్రామఫోను శబ్దం వినబడదు. జనం ఫోటోలు తీసుకుంటారు, పిల్లలు కీ తిప్పబోతారు, దుమ్ము గాడుల్లో చేరుతుంది. రోజంతా ఒకే ప్లేటు వేస్తే వారం తిరిగేసరికి అది బూడిదరంగుకు తిరుగుతుంది. యంత్రాన్ని అద్దాల పెట్టెలో ఉంచి, వాయించకుండా, పక్కన వివరాల పలక పెట్టేటట్లయితే అభ్యంతరం లేదు. హోటలు యజమానులు అలంకారం కోసం అడిగినప్పుడు మీ యంత్రం ఇవ్వనక్కర్లేదు. కుక్క బొమ్మ అంటించి, మెరిసే ఇత్తడి బూర తగిలించి, అలంకారం కోసమే కొత్తగా తయారుచేస్తున్న గ్రామఫోన్లు బజారులో కావలసినన్ని ఉన్నాయి. వాటి మీద మాత్రం అసలు ప్లేటు ఎన్నడూ వేయవద్దు.

సంస్థకు అప్పగించడం

బరువు దించుకున్నట్లు అనిపించే దారి ఇది. అలా అనిపించడమే ఇందులోని చిక్కు. కొన్నేళ్ళ క్రితం ఒక సంస్థకు ఒక గ్రామఫోనును, పన్నెండు ప్లేట్లను ఇచ్చాను. ఏడాది తర్వాత చూడబోతే ప్లేట్లు పడమటి కిటికీ కింద ఒకదానిపై ఒకటి పేర్చి ఉన్నాయి, వాటి మీద ఫైళ్ళ కట్ట ఉంది. నాలుగు ప్లేట్లు పళ్ళేల్లాగా వంగిపోయాయి. గ్రామఫోను కీ కనబడలేదు. నన్ను బాధపెట్టింది నిర్లక్ష్యం ఒక్కటే కాదు. వాటిని ఎలా ఉంచాలో నేను ఒక్క ముక్క కూడా రాసి ఇవ్వలేదు.

మన చుట్టూ ఉన్న మ్యూజియాల స్వభావం కూడా గమనించాలి. బందరు రోడ్డులోని బాపు మ్యూజియం, గుంటూరులోని బౌద్ధశ్రీ మ్యూజియం పురావస్తు ప్రదర్శనశాలలు. రాతి శిల్పాన్ని కాపాడే పద్ధతి వేరు, లక్క ప్లేటును కాపాడే పద్ధతి వేరు. గ్రామఫోన్లకే ప్రత్యేకించిన ప్రైవేటు మ్యూజియం కేరళలో కొట్టాయం జిల్లా ప్లాశనాల్‌లో ఉంది. సంస్థకు ఇవ్వదలచినవారు అలాంటి చోటును ఒకసారి చూసివస్తే, ఏమేమి అడగాలో తెలుస్తుంది.

దానం చేసే ముందు మూడేళ్ళ పాటు అరువుగా ఇచ్చి చూడడం నా సలహా. కాగితం మీద నాలుగు విషయాలు ఉండాలి: ఏ గదిలో ఉంచుతారు, ఎవరు వాయిస్తారు, ఏడాదికి ఎన్నిసార్లు ప్రజలకు వినిపిస్తారు, వద్దనుకొన్నప్పుడు ఎవరికి తిరిగి ఇస్తారు. ఈ నాలుగింటికీ సంతకం పెట్టని సంస్థకు, ఎంత పేరున్నదైనా, ఇవ్వవద్దు.

డిజిటల్ ప్రతి

ఒక్కటే ఉన్న ప్లేటు, పగులు మొదలైన ప్లేటు, మరెక్కడా దొరకని ప్లేటు మీ దగ్గర ఉంటే మిగతా దారులన్నిటికంటే ముందు ఈ పని జరగాలి. దీనికి గ్రామఫోను వాడరు. 78 వేగం ఉన్న విద్యుత్ టర్న్‌టేబులు మీద, 78 గాడికి సరిపడే వెడల్పాటి స్టైలస్‌తో (టర్న్‌టేబులు ముల్లుతో), కొద్ది గ్రాముల బరువుతో వాయించి కంప్యూటరులోకి ఎక్కిస్తారు. తర్వాతి కాలపు నెమ్మది ప్లేట్లైన ఎల్పీలకు వాడే సన్నని స్టైలస్ 78 గాడి అడుగున పడి గీరుకుంటూ పోతుంది, చప్పుడు పెరిగి పాట సరిగ్గా వినబడదు. అలాగే ఎల్పీని గ్రామఫోను మీద వేస్తే ఒక్క దెబ్బకు పాడవుతుంది.

ముందు ప్లేటును శుభ్రం చేయాలి. స్పిరిట్, శానిటైజర్ వంటివి తగలనివ్వకూడదు. ఆల్కహాలు లక్కను కరిగిస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల తేలికపాటి సబ్బు ద్రవం కలిపి, మెత్తని బ్రష్‌తో గాడి వెంట తిప్పి, మధ్యనున్న కాగితపు లేబులు తడవకుండా తుడిచి, నీడలో ఆరబెట్టాలి. ఫైలును 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ల నాణ్యతతో, కుదించని వేవ్ రూపంలో భద్రపరచండి. మూడు నిమిషాల స్టీరియో ఫైలు సుమారు 100 ఎంబీ అవుతుంది. ప్లేటు మోనోదే అయినా స్టీరియోలో తీయడం వల్ల, గాడి రెండు గోడల్లో తక్కువ అరిగినదాన్ని తర్వాత ఎంచుకోవచ్చు. 1925కు ముందటి ప్లేట్లన్నీ సరిగ్గా 78 వేగంతోనే రికార్డు చేసినవి కావు. శ్రుతి చూసుకొని వేగం సవరించాలి. ఇక్కడ సంగీతం తెలిసినవారి చెవి అవసరం. శుభ్రం చేయడంతో కలుపుకొని ఒక్కో ప్లేటుకు నాకు గంటకు పైగా పడుతుంది. గాడి అరుగుదల వల్ల పాట వెనక వినబడే గురగురను పూర్తిగా తీసేసే సాఫ్ట్‌వేరు జోలికి తొందరపడి పోవద్దు; గురగురతో పాటు క్లారినెట్ అంచు కూడా పోతుంది.

ప్రతి తీయడం వేరు, ఇంటర్నెట్‌లో పెట్టడం వేరు. మన చట్టం ప్రకారం రికార్డు మీది హక్కు, అది వెలువడిన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. 1960లో వెలువడిన దానికి 2020తో ముగిసింది. పాట రాసినవారి, స్వరపరచినవారి హక్కు వేరు, అది వారు మరణించాక 60 ఏళ్ళ దాకా నడుస్తుంది. అమెరికాలో లెక్క వేరు: 1923కు ముందటి రికార్డులు 2022 జనవరి 1న అందరివీ అయ్యాయి, 1923 నుంచి 1946 వరకు వెలువడినవాటికి వందేళ్ళు ఆగాలి. పాత ప్లేట్లను వేల సంఖ్యలో ఇంటర్నెట్‌లో ఉంచిన ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద పెద్ద రికార్డు కంపెనీలు 2023లో దావా వేశాయి. కాబట్టి జాజ్ ప్లేట్ల విషయంలో ఇరవైల తొలినాళ్ళవాటితో మొదలుపెట్టి, మిగతావాటిని సభల్లో వినిపించడానికే ఉంచుకోవడం మంచిది.

ఎవరికి ఏది

ఒక్క గ్రామఫోను, ఇరవై, ముప్ఫై ప్లేట్లు వారసత్వంగా వచ్చినవారు ఇంటి గోష్ఠితో మొదలుపెట్టి, ఏడాది గడిచాక గ్రంథాలయానికి వెళ్ళండి. రెండేసి ప్రతులున్న ప్లేట్లను, ఇప్పటికే అరిగినవాటిని యంత్రం మీద వేయండి. ఒంటరి ప్లేట్లను డిజిటల్‌గా మాత్రమే వినిపించండి.

వందల్లో ప్లేట్లు ఉన్నవారికి సభలకంటే ముందు జాబితా అవసరం. లేబులు మీది కంపెనీ పేరు, సంఖ్య, రెండు వైపుల పేర్లు, ప్లేటు స్థితి రాసుకోకుండా ఏ దారిలోకి దిగినా మధ్యలో చిక్కుపడతారు.

ఉపాధ్యాయులు, గ్రంథాలయ బాధ్యులు యంత్రం కొనవలసిన పని లేదు. ఊళ్ళో యంత్రం ఉన్నవారిని ఏడాదికి రెండుసార్లు పిలిచి, గౌరవంగా ఆటో ఖర్చులిచ్చి, ఫ్యాన్లు ఆపగల నెలలో ఒక గది ఇస్తే చాలు.

పిల్లలు విదేశాల్లో స్థిరపడి, ఈ సామాను ఎవరికి అప్పగించాలో తెలియని పెద్దలు చాలామంది నన్ను అడుగుతుంటారు. వారికి నా మాట ఇది: ముందు ప్రతులు తీయించండి, తర్వాత అరువు పత్రం మీద ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ప్లేట్లతో పాటు ఒక కవరు పెట్టండి. ఎవరు కొన్నారు, ఏ ఊళ్ళో, ఏ సందర్భంలో విన్నారు, ఇంట్లో ఎవరికి ఏది ఇష్టం అన్నవి గుర్తున్నంతవరకు రాయండి. నా నలభై ఒక్క ప్లేట్లతో అలాంటి కవరు రాలేదు. వాటిని కొన్న కుటుంబం పేరు కూడా నాకు తెలియదు. ఒక్క ప్లేటు కవరు మీద మాత్రం పెన్సిలుతో "24-12-41, ఇన్‌స్టిట్యూట్ డ్యాన్స్" అని రాసి ఉంది. ప్రతి డిసెంబరు సభలోనూ ముల్లు దించే ముందు ఆ తేదీని శ్రోతలకు చదివి వినిపిస్తాను.